పరుగెత్తే లావు అక్షరాలు

పిల్లలూ! ఏనుగు కదలకుండా నిలబడి ఉంటే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. చూడడానికి ఎంతో గంభీరంగా ఉంటుంది. అదే ఏనుగు తల ముందుకు వంచి పరుగు తీసిందనుకోండి. బజారులో ఉన్న వాళ్లంతా తమ పనులు మాని దానికేసి చూస్తారు!

అచ్చు అక్షరాలలో కూడా ఇటువంటి ఏనుగులు ఉన్నాయి. సబ్బు పెట్టె మీద, బిస్కట్ల పొట్లం మీద, ఆటల పోటీల ప్రకటన మీద ఇంగ్లీషు అక్షరాలు కొన్ని బాగా లావుగా ఉండి, కుడివైపుకు ఒరిగి, ముందుకు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి. అచ్చుపని తెలిసినవాళ్లు వీటిని బోల్డ్ ఇటాలిక్ అంటారు. బోల్డ్ అంటే లావు, ఇటాలిక్ అంటే వాలు. పాఠం చదవడానికి గాక పేర్లకూ, శీర్షికలకూ, ప్రకటనలకూ పెద్ద సైజులో వాడే అక్షరాలను డిస్‌ప్లే టైపు అంటారు. పదిమందికీ కనిపించడానికి నిలబెట్టిన అక్షరాలు అని దాని భావం.

ఈ లావూ, ఈ వాలూ కవలపిల్లలు కావు. వాటి పుట్టుకల మధ్య మూడు వందల ఏళ్ల ఎడం ఉన్నది. ఒకటి వెనిస్ నగరంలో చదువుకునే వారి కోసం పుట్టింది. రెండవది లండన్ వీధుల్లో సరుకులు అమ్మేవారి కోసం పుట్టింది. ముందు పెద్దదాని కథ విందాం.

వాలు ఎట్లా పుట్టింది?

జర్మనీలోని మైంజ్ నగరంలో గూటెన్‌బర్గ్ తన ప్రసిద్ధమైన బైబిలును 1455 ప్రాంతంలో అచ్చు వేశాడు. ఆ తరవాత యాభై ఏళ్లలో అచ్చుపని యూరపు అంతటా పాకింది. ఆనాటి పుస్తకాలలో చాలా భాగం పెద్దవీ, బరువైనవీనీ. బల్ల మీద పెట్టుకుని చదవవలసిందే గాని, చేతిలో పట్టుకుని తిరగడానికి వీలుండేది కాదు.

వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఉండేవాడు. అచ్చాఫీసు పెట్టక ముందు ఆయన రాజకుమారులకు చదువు చెప్పిన పంతులు. చదువుకునేవాడికి ఏం కావాలో ఆయనకు బాగా తెలుసు. జేబులో పెట్టుకుని ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోగల చిన్న పుస్తకాలలో ప్రాచీన కవుల కావ్యాలను అచ్చు వేయాలని ఆయన సంకల్పించాడు.

ఆ పుస్తకాల కొలత ఎట్లా వచ్చిందో మీరే చేసి చూడవచ్చు. ఒక పెద్ద కాగితం తీసుకుని సగానికి మడవండి. మళ్లీ సగానికి మడవండి. మూడోసారి కూడా మడిచి, మడతలు కోయండి. ఎనిమిది ఆకులు వస్తాయి, అంటే పదహారు పుటలు. ఈ కొలతను ఆక్టేవో అంటారు. ఆ మాటలో ఎనిమిది అనే అర్థం ఉన్నది.

చిన్న పుస్తకానికి తగిన అక్షరం కూడా కావాలి గదా! ఆ రోజుల్లో ఇటలీ పండితులు తమ కోసం తాము రాసుకునేటప్పుడు కలం ఎత్తకుండా, గబగబా, కాస్త వాలుగా రాసేవాళ్లు. ఇటువంటి రాతను ఫ్లారెన్స్ నగరానికి చెందిన నికొలో నికోలీ అనే గ్రంథప్రియుడు బాగా అభివృద్ధి చేశాడని చెబుతారు. కచేరీలలో దస్తావేజులు రాసే గుమాస్తాలు కూడా దానివంటి రాతనే వాడేవాళ్లు. మనం కూడా వేగంగా రాసేటప్పుడు అక్షరాలు ఒక పక్కకు ఒరగడం మీ నోటు పుస్తకాలలోనే కనబడుతుంది. ఆల్డస్ ఈ చేతిరాతను అచ్చులోకి తేవాలనుకున్నాడు.

ఆ పని చేసిపెట్టినవాడు బొలోన్యా నివాసి ఫ్రాంచెస్కో గ్రిఫో. ఇతడి పని కంసాలి పని వంటిది. ఉక్కు కడ్డీ కొనన అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని కాల్చి గట్టిపరచి, రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొట్టాలి. రాగిలో అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంట మీద మూస బిగించి, కరిగిన సీసపు మిశ్రమం పోస్తే ఒక అచ్చు అక్షరం తయారవుతుంది. ఆ మిశ్రమంలో సీసంతోబాటు తగరమూ, ఆంటిమొనీ కూడా కలుపుతారు. సీసం మెత్తనిది. ఆంటిమొనీ కలిస్తే దానికి గట్టితనం వస్తుంది. చల్లారేటప్పుడు ముడుచుకుపోయే గుణం కూడా తగ్గుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అక్షరం చెడిపోతుంది. అటువంటి నేర్పరి గ్రిఫో.

1501లో ఆల్డస్ లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలను ఈ వాలు అక్షరాలతో అచ్చు వేశాడు. మొదటినుంచి చివరిదాకా వాలు అక్షరాలలో వచ్చిన మొదటి పుస్తకం అదే. ఇందులో ఒక తమాషా ఉన్నది. చిన్న అక్షరాలు మాత్రమే వాలి ఉంటాయి. పంక్తుల మొదట వచ్చే పెద్ద అక్షరాలు నిటారుగా నిలబడి ఉంటాయి! పెద్ద అక్షరాలను కూడా వాల్చడం తరవాతివాళ్లు చేసిన పని.

ఇటలీలో పుట్టింది కనక ఇతర దేశాలవాళ్లు దీన్ని ఇటాలిక్ అన్నారు. ఇటలీవాళ్లు మాత్రం దీన్ని కోర్సీవో అంటారు. ఆ మాట పరుగెత్తడం అనే అర్థం గల లాటిన్ మాటనుంచి వచ్చింది. పరుగెత్తే అక్షరం అనే పేరు దానికి పుట్టుకతోనే ఉన్నదన్నమాట!

దొంగ అచ్చులు

కొత్త వస్తువు బజారులోకి రాగానే దాన్ని చూసి నకలు తీసేవాళ్లు కూడా బయలుదేరుతారు. ఈ వాలు అక్షరాలను ఇతరులెవరూ వాడరాదని ఆల్డస్ వెనిస్ ప్రభుత్వంచేత హక్కు పొందాడు. కాని వెనిస్ ఉత్తరువు వెనిస్ పొలిమేర దాటితే ఎవరు వింటారు? ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరపు ముద్రాపకులు అదే విధమైన అక్షరాలు తయారు చేయించి, ఆల్డస్ పుస్తకాలకు నకళ్లు వేసి అమ్మసాగారు.

ఆల్డస్‌కు కోపం వచ్చింది. 1503లో ఆయన ఒక హెచ్చరిక పత్రం అచ్చు వేశాడు. లియాన్ నకళ్లను గుర్తుపట్టడం ఎట్లాగో చెప్పి, వాటిలో ఎక్కడెక్కడ ఏయే తప్పులు ఉన్నాయో జాబితాగా చూపించాడు. లియాన్‌వాళ్లు ఆ జాబితా తెప్పించుకుని, అందులో ఉన్న తప్పులన్నీ దిద్దుకుని, మళ్లీ నకళ్లు వేశారు! దొంగకు తాళంచెవి ఇచ్చినట్టయింది.

ఇక గ్రిఫో సంగతి. వర్జిల్ పుస్తకంలో ఆల్డస్ అతని చేతి నేర్పును మెచ్చుకుంటూ రాసిన మాట నిజమే. కాని అక్షరాల మీద హక్కు మాత్రం ఆల్డస్ పేర ఉన్నది. గ్రిఫో వెనిస్ విడిచి, సొన్సీనో అనే మరొక ముద్రాపకుడితో కలిసి పని చేశాడు. ఆల్డస్ వాడిన అక్షరాలన్నీ చెక్కినవాడు ఈ గ్రిఫోయేనని సొన్సీనో 1503లో తన పుస్తకం ఒకదానిలో ప్రకటించాడు. ఆ మాట అచ్చులో ఉండబట్టే ఐదు వందల ఏళ్ల తరవాత మనకు గ్రిఫో గొప్పతనం తెలుస్తున్నది.

ఆల్డస్ పుస్తకాల మీద ఒక గుర్తు ఉండేది. ఓడ లంగరు, దాన్ని చుట్టుకుని ఒక డాల్ఫిన్. లంగరు బరువైనది, కదలదు. డాల్ఫిన్ మహావేగంగా ఈదుతుంది. “నిదానంగా త్వరపడు” అని ఆ బొమ్మకు అర్థం. నిదానమే ప్రధానం అని మన పెద్దలు చెప్పే మాటకు ఇది దగ్గర చుట్టం. బరువూ వేగమూ ఒకచోట కలవడం ఆ బొమ్మలో ఉన్నది. అచ్చు అక్షరాలలో ఆ రెండూ కలవడానికి ఇంకా మూడు వందల ఏళ్లు పట్టింది.

లావు ఎట్లా పుట్టింది?

1800 దాటిన తరవాత లండన్ నగరంలో వ్యాపారం విపరీతంగా పెరిగింది. దుకాణాలు, నాటకాలు, గుర్రపు బళ్ల ప్రయాణాలు, లాటరీలు, అన్నిటికీ గోడల మీద ప్రకటనలే. ఒకే గోడ మీద పాతిక కాగితాలు అంటించి ఉంటే, దారినపోయేవాడు దేన్ని చూస్తాడు? పుస్తకాలకు వాడే సన్నటి అక్షరాలు ఆ సందడిలో కనబడవు. అందుచేత అక్షరాలు పోతపోసేవాళ్లు వాటిని లావెక్కించారు. నిలువు గీతలు దూలాల్లాగా బలిశాయి. అడ్డగీతలు మాత్రం వెంట్రుకల్లాగా సన్నగా ఉండిపోయాయి. వీటికి ఫాట్ ఫేస్ అని పేరు వచ్చింది. అంటే లావు ముఖం అన్నమాట. నిటారు లావు అక్షరాలతోబాటు వాలిన లావు అక్షరాలు కూడా తయారైనాయి. మన పరుగెత్తే ఏనుగు పుట్టింది ఇక్కడే.

ఈ అక్షరాలను ప్రచారంలోకి తెచ్చినవారిలో రాబర్ట్ థార్న్ ముఖ్యుడు. 1820లో అతను చనిపోయిన తరవాత అతని కార్ఖానాను విలియం థరోగుడ్ అనే ఆయన కొన్నాడు. ఆ డబ్బు అతనికి లాటరీలో వచ్చిందని చెబుతారు. లాటరీ ప్రకటనలలో ఈ లావు అక్షరాలనే విరివిగా వాడేవాళ్లు కనక, లాటరీ సొమ్ము మళ్లీ లాటరీ అక్షరాల దగ్గరికే చేరిందన్నమాట!

ఆ ప్రకటనలలో బహుమతి మొత్తం గోడంత అక్షరాలలో ఉండేది. బహుమతి ఒకరికి వస్తే వేలమంది డబ్బు పోతుందన్న సంగతి అంత పెద్ద అక్షరాలలో ఎవరు వేస్తారు? లాటరీలవల్ల జరిగే నష్టాన్ని గురించి ఎంతో వాదం జరిగి, చివరకు 1826లో ఆ ప్రభుత్వ లాటరీ ఆగిపోయింది. లావు అక్షరాలు మాత్రం నిలిచిపోయాయి.

అదే కార్ఖానానుంచి 1845లో రాబర్ట్ బెస్లీ మరొక మంచి పని చేశాడు. క్లారెండన్ అనే బొద్దు అక్షరాన్ని మామూలు అక్షరాలతో కలిపి ఒకే పంక్తిలో వాడుకునేటట్టు తయారు చేశాడు. మీరు నిఘంటువు తెరిస్తే, వెతికే మాట లావుగానూ, దాని అర్థం సన్నగానూ ఉండడం చూస్తారు. ఆ సౌకర్యం ఇటువంటి అక్షరాలవల్లనే వచ్చింది. బెస్లీకి ఆ అక్షరం మీద మూడేళ్లపాటు హక్కు ఇచ్చారు. గడువు తీరగానే ఇతరులు దాన్ని అనుకరించారు. లియాన్ కథ మళ్లీ జరిగింది!

గోడపత్రికలకు ఇంకా పెద్ద అక్షరాలు కావలసి వచ్చాయి. వాటిని సీసంతో పోస్తే బరువు, ఖర్చు. పైగా పోత అంతటా సమంగా చల్లారదు. అందుచేత 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనే ఆయన యంత్రంతో కొయ్య అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. కొయ్య తేలిక, చవక. సర్కసు ప్రకటనలలోని అడుగు ఎత్తు అక్షరాలు వీటివల్లనే సాధ్యమైనాయి.

వాలినవాడి చిక్కు

అక్షరాన్ని కాగితం మీద వాల్చడం సులభమే. సీసంలో వాల్చడం మాత్రం సులభం కాదు. ఎందుకో చెబుతాను.

పోతపోసిన ప్రతి అక్షరమూ నాలుగు పలకల దిమ్మ మీద కూర్చుంటుంది. దిమ్మలన్నీ నిటారుగా ఉంటేనే పక్కపక్కన సరిగా ఇముడుతాయి. వాలిన అక్షరం తల దిమ్మ దాటి బయటికి పోతుంది. ఎంత పోతుందో లెక్క వేయవచ్చు. నాలుగు అంగుళాల ఎత్తున్న అక్షరం 15 డిగ్రీలు వాలిందనుకోండి. దాని తల పాదంకంటే ఒక అంగుళం పైచిలుకు ముందుకు జరుగుతుంది. త్రికోణమితి చదివే అన్నయ్యో అక్కయ్యో మీ ఇంట్లో ఉంటే లెక్క సరిచూసి పెట్టమనండి.

ఈ విధంగా బయటికి వచ్చిన భాగాన్ని కెర్న్ అంటారు. అది పక్క అక్షరం భుజం మీద చెయ్యి వేసినట్టు ఆనుకుని ఉంటుంది. కింద ఆధారం లేదు కనక అచ్చుయంత్రం ఒత్తిడికి పుటుక్కున విరిగిపోతుంది. ఇంగ్లీషు ‘ఎఫ్’ అనే చిన్న అక్షరం పాపం ఎక్కువగా విరిగేది. దాని తరవాత ‘ఐ’ వస్తే, ‘ఎఫ్’ తల వెళ్లి ‘ఐ’ నెత్తిమీది చుక్కను గుద్దుకుంటుంది. అందుకనే ఆ రెండింటినీ కలిపి ఒకే దిమ్మ మీద జంట అక్షరంగా పోశారు. కంప్యూటరులో సీసమూ లేదు, దిమ్మా లేదు. విరిగే భయమూ లేదు. అయినా ఆ జంట అక్షరం మంచి ఫాంట్లలో ఈనాటికీ ఉన్నది.

షికాగో బొద్దబ్బాయి

లావు వాలు అక్షరాలలో బాగా పేరు పొందినదాన్ని ఒకటి దగ్గరనుంచి చూద్దాం. దాని పేరు కూపర్ బ్లాక్ ఇటాలిక్.

ఆజ్వల్డ్ కూపర్ 1879లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలోనే బడి మాని అచ్చాఫీసులో పని నేర్చుకున్నాడు. తరవాత షికాగో వెళ్లి చిత్రలేఖన విద్యాలయంలో చేరాడు. అక్కడ ఫ్రెడరిక్ గౌడీ అనే ప్రసిద్ధ అక్షరశిల్పి అతనికి గురువు. 1904లో కూపర్ ఒక మిత్రుడితో కలిసి ప్రకటనలు తయారు చేసే సంస్థ పెట్టాడు. ప్రకటనలలో ఆయన చేత్తో రాసే గుండ్రని అక్షరాలు అందరికీ నచ్చాయి. షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే అక్షరాల కార్ఖానా వాటిని అచ్చులో పోయమని కోరింది. 1922లో కూపర్ బ్లాక్ వచ్చింది. కొద్ది ఏళ్లకు దాని వాలు తమ్ముడు కూడా వచ్చాడు.

లండన్ లావు అక్షరాలకూ, ఈ అక్షరాలకూ పెద్ద తేడా ఉన్నది. లండన్ అక్షరాలలో లావు గీత పక్కనే కత్తి అంచువంటి సన్న గీత ఉంటుంది. కూపర్ అక్షరాలలో మొన అనేది ఎక్కడా కనబడదు. కొనలన్నీ మొద్దుబారి, వెన్నముద్ద నొక్కినట్టు మెత్తగా ఉంటాయి. అక్షరం లోపలి ఖాళీలు చిన్నవి. కిందికి దిగే తోకలు పొట్టివి. అందుచేత పంక్తులను దగ్గరదగ్గరగా పేర్చవచ్చు. నిటారు కూపర్ బ్లాక్ భోజనం చేసి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలాగా ఉంటే, వాలు కూపర్ బ్లాక్ నవ్వుకుంటూ పరుగెత్తుకు వచ్చే బొద్దు పిల్లవాడిలాగా ఉంటుంది. బరువు ఉన్నది గాని బెదిరింపు లేదు. మిఠాయి దుకాణానికీ, బొమ్మల పుస్తకానికీ, పాటల పళ్లేనికీ ఈ పిల్లవాడు బాగా నప్పుతాడు. కోర్టు తీర్పుకు నప్పడు.

దూరదృష్టి గల ముద్రాపకులకూ, దూరం చూపు ఆనని వారి గిరాకీలకూ ఈ అక్షరం తయారైందని కూపర్ చమత్కరించేవాడట! ఆయన 1940లో చనిపోయాడు. సీసపు అక్షరాలు పోయి ఫోటో అక్షరాలు, అవి పోయి కంప్యూటరు అక్షరాలు వచ్చినా ఆ బొద్దబ్బాయి మాత్రం చెక్కుచెదరలేదు. 1966లో వచ్చిన బీచ్ బాయ్స్ పాటల రికార్డు అట్ట మీద కూపర్ బ్లాక్ అక్షరాలే ఉన్నాయి.

వాలడం వేరు, వాల్చడం వేరు

ఇప్పుడొక ప్రయోగం చేద్దాం. ఒకే కొలత గల కార్డులు వందదాకా తీసుకుని దొంతిగా పేర్చండి. దొంతి పక్క అంచు మీద, దొంతి ఎత్తంత ఉండేటట్టు, లావు గీతతో గుండ్రని సున్న గీయండి. సున్న గీత అంతటా ఒకే మందంగా ఉండాలి. ఇప్పుడు ఒక స్కేలును ఆనించి, పై కార్డులు ఎక్కువగా, కింది కార్డులు తక్కువగా కుడివైపుకు జరిగేటట్టు దొంతిని మెల్లగా నెట్టండి.

సున్న వాలింది. కాని దాని గీతను జాగ్రత్తగా చూడండి. పైన కుడివైపునా, కింద ఎడమవైపునా గీత లావైంది. పైన ఎడమవైపునా, కింద కుడివైపునా సన్నబడింది. మనం ఎక్కడా సిరా కలపలేదు, తీయలేదు. ఏటవాలుగా నెట్టడంవల్లనే సున్న సొట్టపోయింది. గీత ఎంత లావుగా ఉంటే ఈ సొట్ట అంత స్పష్టంగా కనబడుతుంది.

కంప్యూటరులో వాలు బొత్తాం నొక్కినప్పుడు, ఆ ఫాంటుకు సొంత వాలు అక్షరాలు లేకపోతే, యంత్రం చేసే పని సరిగా ఇదే. అక్షరాన్ని నెట్టి ఊరుకుంటుంది. మంచి అక్షరశిల్పి అట్లా ఊరుకోడు. వాలు అక్షరాన్ని మళ్లీ మొదటినుంచి గీస్తాడు. లావైన చోట చెక్కుతాడు, చిక్కిన చోట నింపుతాడు. కొన్ని అక్షరాల రూపాన్నే మారుస్తాడు. ఇంగ్లీషు చిన్న ‘ఎ’ నిటారు అచ్చులో రెండంతస్తుల మేడలాగా ఉంటుంది; వాలు అచ్చులో చేతిరాతలాగా ఒక్క గుండ్రమూ ఒక గీతా అవుతుంది. మీ ఇంట్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకంలో చూసుకోండి.

సైన్సు పుస్తకంలో

లావూ వాలూ అందానికి మాత్రమే కాదు. కొన్నిచోట్ల అవి మారితే అర్థమే మారిపోతుంది.

భౌతికశాస్త్ర పుస్తకంలో ఇంగ్లీషు చిన్న ‘ఎమ్’ నిటారుగా ఉంటే మీటరు అని అర్థం. అదే అక్షరం వాలి ఉంటే ద్రవ్యరాశి. కొలమానాల గుర్తులు నిలబడాలి, మారే రాశుల గుర్తులు వాలాలి అని శాస్త్రజ్ఞులు నియమం పెట్టుకున్నారు. వేగమూ, బలమూ వంటి రాశులకు ఎంత అన్నదే గాక ఏ దిక్కుగా అన్నది కూడా ముఖ్యం. వీటిని సదిశలు అంటారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సదిశ గుర్తును లావుగానూ, వాలుగానూ కూడా అచ్చు వేయాలి. అంటే మన పరుగెత్తే ఏనుగే! చేత్తో రాసేటప్పుడు అంత లావుగా రాయడం కష్టం కనక మీ మాస్టరుగారు అక్షరం మీద బాణం గుర్తు పెడతారు.

మొక్కల, జంతువుల శాస్త్రీయ నామాలు కూడా వాలు అక్షరాలలోనే అచ్చవుతాయి. మామిడిని మాంగిఫెరా ఇండికా అనీ, వేపను అజాడిరాక్టా ఇండికా అనీ అంటారు. ఇంగ్లీషు పుస్తకంలో ఈ పేర్లు వాలి ఉంటాయి. పుస్తకాల పేర్లనూ, ఓడల పేర్లనూ వాల్చడం కూడా ఆనవాయితీ.

మన తెలుగు అక్షరాల సంగతి

తెలుగు అక్షరం స్వభావంచేతనే గుండ్రనిది. పుస్తకాలలో వాలు అక్షరాలు వాడే సంప్రదాయం మనకు లేదు. ఒక మాటను ప్రత్యేకంగా చూపాలంటే లావు అక్షరాలో, కొటేషన్ గుర్తులో వాడుతూ వచ్చాం. తెలుగు అక్షరాన్ని కంప్యూటరులో నెడితే ఏమవుతుందో చూడండి. పైన ఉన్న తలకట్టూ, గుడీ కుడికి జరుగుతాయి. కింద ఉన్న వత్తు ఎడమకు జరుగుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ వత్తు తన అక్షరం కింద ఉన్నదో, ముందు అక్షరం కింద ఉన్నదో తెలియకుండా పోతుంది. సున్నలు నిండుగా ఉన్న మన లిపికి ఇందాకటి సొట్ట కూడా తగులుతుంది.

అయితే తెలుగు అక్షరం పరుగెత్తలేదని కాదు. సినిమా ప్రకటనలు గీసిన మన చిత్రకారులు కుంచె పట్టి, లావుగా, వాలుగా ఎన్నో పేర్లు రాశారు. వాళ్లు అక్షరాన్ని నెట్టలేదు, వాలుగానే పుట్టించారు. ప్రసిద్ధ చిత్రకారుడు బాపు చేతిరాతను అనుసరించి తెలుగు ఫాంటు కూడా తయారైంది. కలం నడక తెలిసినవాళ్లు గీస్తే ఏ లిపికైనా కదలిక వస్తుంది.

ఎక్కడ వాడాలి?

నేను పని చేసిన పాఠశాల ఒకదానిలో ఆటల పండుగకు పిల్లలు గోడపత్రిక తయారు చేశారు. ఒక కుర్రవాడు ఉత్సాహం కొద్దీ పండుగ పేరు, స్థలం, తేదీ, వేళ, పోటీల జాబితా, అన్నీ లావు వాలు అక్షరాలలోనే నింపాడు. కాగితం చూడడానికి నిండుగానే ఉన్నది. కాని దాని ముందు నిలబడి చదివినవాళ్లే మళ్లీ వచ్చి “పోటీలు ఏ రోజు, మాస్టారూ?” అని అడగసాగారు. మర్నాడు ఆ కుర్రవాడే మరొక కాగితం తీసుకుని, “పరుగు పందాలు” అన్న మాట ఒక్కటే లావుగా వాల్చి, తక్కినవి మామూలు అక్షరాలలో రాశాడు. ఇక ఎవరూ వచ్చి అడగలేదు.

ఇందులో కారణం లేకపోలేదు. పదిమందీ ఒక్కసారి అరిస్తే ఎవరి మాటా వినబడదు. లావు అక్షరాల లోపలి ఖాళీలు చిన్నవి. చిన్న సైజులో అచ్చు వేస్తే సిరా పాకి అవి పూడిపోతాయి. అప్పుడు ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ తేడా తెలియదు. కనక ఈ మూడు సంగతులు గుర్తుంచుకోండి. లావు వాలు అక్షరాలను పెద్ద సైజులోనే వాడాలి. ఒకటి రెండు మాటలకే వాడాలి. కదలికా, ఉత్సాహమూ ఉన్న సంగతికే వాడాలి. పరుగు పందెం, సైకిలు, ఉత్సవం, కొత్త కథ, ఇటువంటివాటికి అవి సరిపోతాయి. “ఆగుము”, “ప్రమాదం”, “మందు మోతాదు” వంటివాటికి నిటారు అక్షరాలే మేలు. ఆగమని చెప్పే మాట తానే పరుగెత్తుతూ ఉంటే ఎట్లా?

కూరలో ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. ఇదీ అంతే.

పెద్దవాళ్లకు కూడా ఒక మాట. లండన్ లాటరీ కాగితాలు పోయి రెండు వందల ఏళ్లు కావస్తున్నది. కాని లావు అక్షరంలో ఆశ చూపించి, చిన్న అక్షరంలో షరతు దాచే అలవాటు పోలేదు. అప్పు పత్రం మీద, తగ్గింపు ధరల ప్రకటన మీద, తినుబండారాల పొట్లం మీద ఆ చిన్న అక్షరాలు ఉంటాయి. పొట్లం మీద “పండ్ల రసం” అని గోడంత అక్షరాలు ఉండవచ్చు. అందులో పండు ఎంత, పంచదార ఎంత అన్నది వెనకవైపున చీమంత అక్షరాలలో ఉంటుంది. సంతకం చేసేముందూ, డబ్బు ఇచ్చేముందూ ఆ చీమలను కూడా పలకరించాలి. మన కళ్లు ఆనకపోతే పిల్లలచేత చదివించుకోవచ్చు. వాళ్లకు చదువూ వస్తుంది, లోకజ్ఞానమూ వస్తుంది.

పిల్లలూ, వచ్చే సెలవు రోజున ఒక పని చేయండి. ఇంట్లో పారేసే పెట్టెలు, పొట్లాలు, పాత ప్రకటనలు ఒక పది పోగుచేయండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, నిటారు సన్నం, నిటారు లావు, వాలు సన్నం, వాలు లావు అని పేర్లు పెట్టండి. ఒక్కొక్క పొట్లం మీది పెద్ద మాటను ఏ గడిలో రాయాలో నిర్ణయించండి. ఆ వస్తువుకు ఆ అక్షరం ఎందుకు ఎన్నుకున్నారో ఆలోచించి పక్కన ఒక వాక్యం రాయండి. చివరగా, ప్రతి పొట్లం మీదా అన్నిటికంటే చిన్న అక్షరాలు ఎక్కడ ఉన్నాయో వెతికి, వాటిని మీ తల్లిదండ్రులకు గట్టిగా చదివి వినిపించండి.